పొరపాటు నాణెం, ప్రయోగ నాణెం: 1942–43 అమెరికా సెంటుపై ఒక పరిశీలన

నాణేలపై వెలువడే రచనలు చాలావరకు అరుదుదనాన్నే విలువగా లెక్కిస్తాయి. 1943 నాటి అమెరికా కంచు సెంటుకు దక్కిన ఖ్యాతి అటువంటిదే. ఆ ఏడు సెంట్లన్నీ జింకు పూసిన ఉక్కుతో ముద్రితం కావలసి ఉండగా, కంచు బిళ్ళలు కొన్ని వాటిలో కలిసి అచ్చుపడ్డాయి. అది టంకశాల పొరపాటు. ధర ఎంత పలికినా, యుద్ధకాలపు ప్రభుత్వ ఆలోచనను గురించి అది చెప్పేది స్వల్పం. అంతకు ముందటి ఏడు తయారైన ప్రయోగ నాణేలను కూడా అదే గాటన కట్టడం సమంజసం కాదు. తాళపత్ర ప్రతిలో లేఖకుని ప్రమాదాన్నీ, కవి స్వయంగా దిద్దుకున్న పాఠాన్నీ పరిష్కర్త ఒకటిగా చూడడు కదా!

1942లో రాగి ఆయుధ సామగ్రికి అవసరమైంది. టంకశాల ప్రైవేటు సంస్థల సాయంతో ప్లాస్టిక్, గట్టి రబ్బరు, ఫైబరు వంటి పదార్థాలను పరీక్షించింది. టెనెసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్‌లో బ్లూ రిడ్జ్ గ్లాస్ సంస్థ తేనెరంగు గాజుతో సెంటు చేసింది. వేడిచేసిన గాజుబిళ్ళ మీద బొమ్మ పడింది గాని, పరిమాణం ఒక్క తీరున రాలేదు. చివరకు ఎంపికైన ఉక్కు కూడా ఏడాదే నిలిచింది. వంద కోట్లకు పైగా ముద్రించిన ఆ సెంట్లను జనం పది సెంట్ల నాణెంగా పొరబడ్డారు. జింకు పూత లేని అంచులు తుప్పు పట్టాయి.

సేకర్తల దృష్టి ఈ వింత పదార్థాల మీదనే ఆగిపోతోంది. నిజానికి అచ్చు అంతకన్నా ఎక్కువ చెబుతుంది. ఈ ప్రయోగ నాణేల మీద లింకన్ లేడు. ఒకవైపు కొలంబియా దేశపు రెండు సెంటావోల నాణెం నుంచి తెచ్చుకున్న స్త్రీ శిరస్సు, ‘లిబర్టీ’, ‘జస్టిస్’ అనే మాటలు. రెండోవైపు ఆకుల దండ నడుమ ‘యునైటెడ్ స్టేట్స్ మింట్’. విలువ ఎంతో ఎక్కడా లేదు. అసలు సెంటు అచ్చును బయటివారి చేతికి ఇవ్వడానికి ప్రభుత్వం వెనుకాడిందని ఊహించవచ్చు. పదార్థాన్ని పరీక్షకు పెట్టింది. చెలామణి అధికారాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

1943లో బ్రిటిష్ ఇండియా లోహం కొరతకు మరో దారి వెతికింది. కంచును మార్చక, పైస నడుమ చిల్లు పెట్టింది. ఆ చిల్లు కాణీ మీద విలువ ఉంది, కిరీటం ఉంది. రాజు ముఖానికి మాత్రం చోటు లేకపోయింది.