ప్రవాససాహిత్యమున అవహిత్థ

భర్త దేశాంతరమునం దుండఁగా విరహము ననుభవించు నాయిక ప్రోషితభర్తృక. అష్టవిధనాయికలలో నీమెకు స్థానమిచ్చిన భరతముని ఆ యెడబాటునకుఁ గారణము గురుతరమగు కార్యభారమని చెప్పెను. దశరూపకకర్తయగు ధనంజయుఁడును కార్యమునే హేతువుగాఁ బేర్కొనెను. లక్షణకర్త లిట్లు చెప్పియుండఁగా, కవులు విరహమును గ్రహించి కార్యమును విడిచిరి. ప్రవాసి యేమి పనిచేసెను, ఎంత యార్జించెను, ఇంటి కేమి పంపెను అను ప్రశ్నలకుఁ గావ్యములందు సమాధానము దొరకుట యరుదు.

హాలుని గాథాసప్తశతిలో, భర్త వెడలిన తొలినాఁడే సగము ప్రొద్దు గడచునంతలో గోడనిండ దినముల గీఁతలు గీచిన యిల్లాలు గలదు. మేఘదూతమున యక్షునకు శాపావధి యొక సంవత్సరము. అతఁడు తన కార్శ్యమును, కన్నీటిని దాఁపక మేఘునితోఁ జెప్పి పంపును. దుఃఖనివేదనమే యచట సందేశమునకు జీవము.

నేఁటి ప్రవాసి సందేశ మిందులకు విపరీతము. 1973లోఁ జమురువెల పెరిగిన పిమ్మట గల్ఫుదేశములకు వలసలు హెచ్చెను. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములవారు వేలకొలఁది పోయిరి. హైదరాబాదునుండి కరీంనగరమునకుఁ బోవు రాజీవ్ రహదారి శామీర్‌పేటను దాఁటి అలియాబాదు మీఁదుగా సాగును. విమానమెక్క వచ్చు కరీంనగర ప్రాంతపు వలసజీవులలోఁ బెక్కండ్రకు నగరమార్గ మదియే. వారిలో ననేకులు వీసాకై యేజెంటున కిచ్చిన సొమ్ము అప్పుగాఁ దెచ్చినది. ఒడంబడిక సాధారణముగా రెండేండ్లు. అప్పు తీఱనిచో గడువు ముగిసినను మరలి వచ్చుట కష్టము. యక్షుని శాపమునకు గడువు గలదు. అప్పునకు వడ్డి గలదు.

ఇట్టివాఁ డింటికి ఫోనుచేసి చెప్పు మాట "బాగున్నాను" అనునదియే. ఎండదెబ్బను గాని, నిలిచిపోయిన జీతమును గాని చెప్పఁడు. ఇంటివారును తల్లి జబ్బును వానికిఁ దెలియనీయరు. భరతుఁడు చెప్పిన ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటియగు అవహిత్థ కిదియే లక్షణము: ఆకారమును మఱుఁగుపఱచుట. లజ్జ, భయము, కౌటిల్యము మొదలగునవి దానికి విభావములని శాస్త్రము. ప్రవాసియందుఁ గుటుంబభరణధర్మమే ముఖ్యహేతువు. సొమ్ముతోడ దిగులును బంపినచో ఇంట నన్నము రుచింపదని వాని భయము.

ఈ భావమును మలయాళ సాహిత్యము చక్కఁగఁ బట్టుకొన్నది. 1977లో ఎస్. ఏ. జమీల్ రచించిన దుబాయి లేఖాగీతమున భార్య తన వేదనను విప్పి చెప్పును. 2008లో వెలువడిన బెన్యామిన్ నవల ఆడుజీవితమున, సౌదీ యెడారిలో మేకలకాపరిగాఁ జిక్కిన నజీబు భార్యకు మనసులోనే లేఖలు వ్రాయును. వానిలోఁ దాను సుఖముగా నున్నట్లే చెప్పును. పంపుటకు దారి లేని లేఖలోఁ గూడ నిజము వ్రాయఁజాలఁడు! అవహిత్థ కింతకంటెఁ దీవ్రమగు నుదాహరణము దుర్లభము.

తెలుఁగున గల్ఫువలసను వస్తువుగాఁ గొని పెద్దింటి అశోక్‌కుమార్ ఎడారి మంటలు నవలను రచించెను. వలసపాటలును బెక్కు వెలువడెను. ఇట్టి రచనలను గన్నీటినిబట్టి మెచ్చుట సులభము, కాని చాలదు. పాత్ర చెప్పిన దానికంటె దాఁచిన దేది, దాఁచుటకుఁ గారణమేది యని పరీక్షింపవలెను. రసనిర్ణయమున కిదియే యాధారము. విప్రలంభము సాపేక్షమనియు, కరుణము నిరపేక్షమనియు భరతుఁడు భేదము చెప్పెను. దంపతుల విషయమున నెలనెల సొమ్ము అందినంతకాలము పునస్సమాగమాశ నిలుచును, అది విప్రలంభము. సొమ్మును మాటయుఁ గూడ నిలిచి, యాశ తెగిననాఁడు కరుణము. ఈ సంధిని జూపలేని రచన యెంత యేడ్పించినను నసమగ్రమే.

హైదరాబాదు పరిసరములందలి యిటుకబట్టీలకు ఒడిశానుండి కూలీలు వత్తురు. నగరోపాంతమునకు వచ్చిన యా ప్రవాసులకును దూరమున నొక యిల్లు గలదు, "బాగున్నాను" అను మాటయుఁ గలదు. ఆ మాట వెనుకనున్న కార్యమును విడువక చెప్పఁగల కృతియే ప్రోషితభర్తృకాలక్షణమును సంపూర్ణముగాఁ బాటించినదగును.