గోధుమ కంకుల షేకర్‌బురా

కజ్జికాయలు చేయడం వచ్చినవాళ్లకు అజర్‌బైజాన్ మిఠాయి షేకర్‌బురా సగం వచ్చినట్టే. అదే అర్ధచంద్రాకారం, అదే యాలకుల ఘుమఘుమ, లోపల పంచదార కలిపిన పొడి. కొబ్బరికి బదులు బాదం, లేదంటే ఆ దేశపు వాయవ్యాన జకతాలా తోటల్లో విరివిగా కాసే హేజెల్‌నట్. నూనెలో వేయించరు, ఓవెన్‌లో కాలుస్తారు. మిగిలిన సగం పనితనమంతా మక్కాష్‌లో ఉంది.

మక్కాష్ చిన్న లోహపు పట్టకారు. కొసన రంపపు పళ్లలా నొక్కులుంటాయి. అంచును వేళ్లతో తాడులా మెలిపెట్టి మూశాక, పైపొరను దీంతో ఏటవాలుగా గిల్లుకుంటూ పోవాలి. ఒక వరస ఇటు వాలితే పక్క వరస అటు. పూర్తయ్యేసరికి పిండి మీద గోధుమ కంకులు లేస్తాయి.

మావారి ఉద్యోగం రీత్యా అక్కడి రాజధాని బాకూలో ఉన్న రోజుల్లో మా ఇంటి యజమానురాలు నాకిది నేర్పారు. ఇరుగుపొరుగుతో పాటు నేనూ ఆవిడను ఖాలా అనేదాన్ని. మార్చి 20, 21 తేదీల్లో, పగలూ రాత్రీ సమానమయ్యే వేళ అక్కడ నొవ్రుజ్ పండగ. అంతకుముందు నాలుగు మంగళవారాలను నీరు, నిప్పు, గాలి, నేల పేరిట జరుపుకుంటారు. ఆ వారాల్లోనే వంటింట్లో గింజలు దంచడం మొదలవుతుంది. మరీ మెత్తగా దంచితే నూనె వదిలి ముద్దకడుతుంది కాబట్టి రవ్వలా ఉండగానే ఆపేయాలి. మైదాలో వెన్న, పచ్చసొన, పుల్లటి మీగడ, కాస్త ఈస్ట్ కలిపి ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి నాననిస్తారు.

గిల్లేటప్పుడు ఖాలా చేతినే చూస్తూ ఉండిపోయేదాన్ని. పొర చిరగకూడదు, చిరిగితే లోపలి పంచదార కరిగి బయటికొచ్చి మాడుతుంది. అలాగని పైపైన గిల్లితే ఓవెన్ వేడికి గీతలు కలిసిపోతాయి. ఎంత లోతుకు దించాలో కొలత చెప్పడం ఎవరి తరమూ కాదు. వేలికే తెలియాలి. ఇంత చేసి, ఎర్రగా కాలిస్తే పని చెడినట్టే. అడుగు కాస్త రంగు తిరగ్గానే తీసేయాలి, పైభాగం పాలిపోయినట్టే ఉండాలి.

పండగ పళ్లెంలో మొలకెత్తిన పచ్చటి గోధుమనారు చుట్టూ మూడు రకాలు పేరుస్తారు. షేకర్‌బురా చంద్రుడు, పసుపు వేసిన పొరల గోగల్ సూర్యుడు, పలకలుగా కోసిన పఖ్లవా నక్షత్రం అని చెబుతారు. పఖ్లవా ఊరికో తీరు. షేకీలో బియ్యప్పిండితో జల్లెడలా పోసిన పొరలతో చేస్తారు, బాకూలో పలక మధ్య ఒక గింజ గుచ్చుతారు. నా మనసు మాత్రం షేకర్‌బురా దగ్గరే ఆగిపోయింది. ఒకరు వత్తుతారు, ఒకరు నింపుతారు, ఒకరు అంచు మెలిపెడతారు, ఆడపిల్లలు చుట్టూ చేరి గిల్లుతారు. ఒక్కరే చేసుకోవచ్చు, కానీ పూట గడిచినా పళ్లెం నిండదు. ఇప్పుడు బాకూ దుకాణాల్లో ఏడాది పొడవునా దొరుకుతున్నాయి. రుచిలో వంక పెట్టలేను. అయినా నా దృష్టిలో అవి మిఠాయిలే, పండగ కాదు.

మనకూ కజ్జికాయల చెక్క వచ్చాక అంచు చేత్తో మడిచేవాళ్లు తగ్గిపోయారు. ఈసారి పండక్కి ఆ చెక్కను అలమరలోనే ఉంచండి. చేత్తో మడత వేయడం తెలిసిన అమ్మమ్మో మేనత్తో ఉంటే, పిల్లల్ని ఆవిడ పక్కన పీట వేసి కూర్చోబెట్టండి.