పిలిస్తే మారే పేరు

ప్రాగ్‌లో అద్దెకు దిగిన కొత్తలో వంటింటి గొట్టం కారుతోందని ఇంటి ఓనరుకు మెయిల్ పెట్టాను. ఆయన పేరు నోవాక్ అనుకోండి. ఆ ఊళ్లో రాయి విసిరితే నోవాక్ ఇంటి మీదే పడుతుంది. 'పన్ నోవాక్' అని మొదలుపెట్టాను. పన్ అంటే మన 'గారు' లాంటిది. మర్నాడు గొట్టం బాగుచేయించారు. జవాబు చివర మాత్రం చిన్న సవరణ: 'పనె నోవాకు' అనాలి.

ఆ 'కు' చూడగానే 'కి, కు, యొక్క, లో, లోపల' గుర్తొచ్చి, షష్ఠి కాబోలనుకున్నాను. కాదు, అది పిలుపు. చెక్ భాషలో విభక్తులు ఏడు, సంబోధన అయిదోది. మనకూ ఓయి, ఓరి, ఓసి ఉన్నాయి, రాముడు రామా అవుతాడు. అయినా 'వెంకట్, ఇటు రా' అంటే మన దగ్గర తప్పేం లేదు. అక్కడ పేరును మార్చకుండా అంటే, ఎదుటివాణ్ణి పిలిచినట్టుండదు; అతని గురించి పక్కవాడితో చెబుతున్నట్టుంటుంది.

ఆడవాళ్ల పేర్లు చాలావరకు సులువే. యన యనొ అవుతుంది, ఎవ ఎవొ అవుతుంది. తంటా అంతా మగవాళ్లతోనే. మరెక్‌ను మర్కు అనాలి, తొమాష్‌ను తొమాషి అనాలి. దేవుడు బూహ్, మొక్కుకునేటప్పుడు బొజె. డాక్టరును డొక్టొరె అంటే చాలు, ఎందుకంటే చివరి రకారానికి ముందు అచ్చుంది. పెట్ర్‌లో ఆ రకారానికి ముందు హల్లుంది కాబట్టి అది ఇంకో ధ్వనిగా మారిపోతుంది. నాలుక కొసను ఆడిస్తూనే, అదే ఊపిరిలో 'ఝ'లాంటి ఒరిపిడినీ పలికించాలి. సంగీతకారుడు ద్వోర్జాక్ పేరులో మనం 'ర్జ' అని సరిపెట్టుకునేది దాన్నే. మన బండి ఱ కూడా ఆదుకోదు. పెట్ర్ అనే సహోద్యోగిని నెల రోజులపాటు పేరు పెట్టి పిలవకుండా, దగ్గి పిలిచాను.

పొరుగు స్లొవాక్ ఈ రూపాలను దాదాపు వదిలేసుకుంది. చెక్‌వాళ్లు కూడా మాటల్లో 'పనె నోవాక్' అని ఇంటిపేరును మార్చకుండా లాగించేస్తారు. రాతలో మాత్రం ఊరుకోరు, నా మెయిలే సాక్ష్యం.

వెంకట్ అనే నా పేరూ హల్లుతోనే ముగుస్తుంది కదా. ఓ సాయంత్రం ఎదురింటి మామ్మగారు మెట్ల మీంచి 'వెంకటె!' అని కేకేశారు. నా తెలుగు చెవికి అది 'వెంకటే' అని వినిపించింది. గొట్టం విరగ్గొట్టింది వెంకటే అని ఓనరుతో చెబుతున్నారేమోనని గబగబా తలుపు తీసి, నేను కాదండీ అన్నాను.