తని దగ్గర మీటరు చూడండి

పాత కచేరీ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లలో చాలామంది వర్ణం వింటూ లెవెల్ సరిచేసి, రికార్డు నొక్కి కాఫీకి లేచిపోతారు. వర్ణానికి సరిపోయిన లెవెల్ తని ఆవర్తనానికి చాలదు. మృదంగం, ఘటం విజృంభించేసరికి మీటరు సున్నాకు కొట్టుకుంటుంది. అందుకే నేను ముందు తని దాకా టేపు తిప్పుతాను. అక్కడి గట్టి దెబ్బలు మైనస్ 12, మహా అయితే మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని, అప్పుడు వెనక్కి చుట్టి మొదలుపెడతాను. చప్పట్లనూ మరవకూడదు. మైకు జనానికి దగ్గరగా ఉన్న సభల్లో అవి మృదంగాన్నీ మించిపోతాయి.

టేపు మీద సూది కాస్త ఎర్రగీతలోకి పోయినా శబ్దం మెత్తగా నలిగేది, అంతే. ఆ నలుగుడే ముద్దనేవాళ్లూ ఉన్నారు. డిజిటల్లో సున్నాకు పైన అంకెల్లేవు. 16 బిట్లంటే 65,536 మెట్లు. చివరి మెట్టు దాటబోయిన తరంగానికి నెత్తి చదునుగా తెగిపోతుంది, తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా అది మళ్లీ మొలవదు.

అంత ఖాళీ వదిలితే నాణ్యత పోదా అంటారు. 16 బిట్ల పరిధి దాదాపు 96 డెసిబెల్స్. డాల్బీ లేని మామూలు క్యాసెట్లో హోరుకూ గట్టి శబ్దానికీ మధ్య ఉండేది సుమారు 50. పన్నెండు వదిలేసినా బోలెడు మిగులుతుంది. 24 బిట్లు ఎంచుకుంటే ఈ బేరమే అక్కర్లేదు.

స్పీకర్ నాబ్ తిప్పితే వినబడేది మారుతుంది గానీ రికార్డయ్యేది మారదు. పైగా గట్టిగా మోగేదే బాగుందని చెవి ఇట్టే ఒప్పేసుకుంటుంది. శబ్దం తగ్గేకొద్దీ మంద్రం మరింత పలచబడి వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. కాబట్టి నాబ్ మీద మార్కరుతో ఓ గీత గీసి అక్కడే ఉంచండి, లెవెల్ సంగతి మీటరుకు వదిలేయండి.

కంప్యూటర్ తనంతట తాను లెవెల్ సర్దే సదుపాయం ఉంటే ముందే ఆపెయ్యాలి. మాటలకు పనికొస్తుందేమో గానీ కచేరీకి శత్రువు. గాయకుడు ఊపిరి తీసుకునే వ్యవధిలో తంబురాను అమాంతం పైకి లేపి, గొంతు ఎత్తగానే కిందికి తోసేస్తుంది.

ఇక వినేటప్పటి గొడవ. ఒక క్యాసెట్ గొణుగుతుంది, ఇంకొకటి మీద పడుతుంది. అన్నిటి శిఖరాలనూ ఒకే ఎత్తుకు తెచ్చినా ఈ తేడా పోదు. ఒక్క చప్పట్ల మోత శిఖరాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది, చెవి పట్టించుకునేది మాత్రం సగటును. 2001లో వచ్చిన రీప్లేగెయిన్ అనే పద్ధతి చెవికి తోచే ఈ గట్టితనాన్నే అంచనా కట్టి, ఎంత పెంచాలో తగ్గించాలో ఫైలు ట్యాగులో రాసిపెడుతుంది, అసలు రికార్డింగును ముట్టుకోదు. అందులో ఒక్కో పాటనూ సమం చేసే ట్రాక్ గెయిన్ సినిమా పాటల కలగాపులగానికి హాయి. కచేరీకి ఆల్బమ్ గెయిన్ వాడాలి, అంటే క్యాసెట్ మొత్తానికి ఒకే సవరణ. ఆలాపనను లాక్కొచ్చి తనితో సమంగా మోగించమని ఏ విద్వాంసుడు అడిగాడు?