డబ్బాలో పట్టిన ఎండ

హంపి విరూపాక్షాలయంలో గైడు ఎవరైనా సరే, ఒక్కటి చూపించకుండా వదలడు. గుడి వెనకవైపు చీకట్లో గోడ మీద తూర్పు గోపురం తలకిందులుగా వేలాడుతుంటుంది. చిన్న సందులోంచి దూరిన వెలుగు చేసే పని అది. లెన్సు లేదు, అద్దం లేదు. సూర్యగ్రహణం రోజున వేపచెట్టు కింద నేల నిండా నెలవంకలు పరుచుకోవడమూ ఇదే లెక్క. ఆకుల మధ్య ప్రతి సందూ ఒక కెమెరా అయిపోతుంది.

వింత కెమెరాల పిచ్చి ఉన్నవాళ్లు ఈ సంగతి తెలిసీ డబ్బు తగలేస్తారు. 1980ల్లో హాంకాంగ్‌లో చవగ్గా పుట్టిన హోల్గా అనే ప్లాస్టిక్ కెమెరా, 1991లో వియన్నా విద్యార్థులు ప్రాగ్‌లో చూసి మోజుపడిన రష్యన్ లోమో, రెండూ వాటి లోపాల వల్లే పేరు తెచ్చుకున్నాయి. మూలల్లో చీకటి, ఎక్కడో లీకైన వెలుతురు, చిత్రమైన రంగులు. బాగానే ఉంటాయి. కానీ ఆ మరకలన్నీ ఇప్పుడు ఫోన్‌లో ఒక్క నొక్కుకే వచ్చేస్తున్నాయి. ఫోన్ ఇవ్వలేనిది కావాలంటే నా ఓటు పాలపొడి డబ్బాకే.

డబ్బా లోపల మెరుపు లేని నల్ల రంగు పూయాలి. పక్కన పెద్ద రంధ్రం చేసి, దాని మీద కూల్‌డ్రింక్ క్యాన్ రేకు ముక్క అతికించాలి. అసలు పనంతా ఆ రేకులోనే ఉంది. సూదిని గుచ్చేయకూడదు, మొనతో మెల్లగా తిప్పాలి. వెనక పైకి లేచిన అంచుని సన్న గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తిప్పాలి. రంధ్రం పెద్దదైతే బొమ్మ మసక. మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర చెదిరిపోయి అప్పుడూ మసకే. ఎంత ఉండాలో 19వ శతాబ్ది చివర్లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రాలే లెక్కగట్టి పెట్టాడు. పది సెంటీమీటర్ల లోతు డబ్బాకి 0.4 మిల్లీమీటర్లు చాలు. షట్టర్ అంటారా, కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ముక్క.

పది సెంటీమీటర్లని 0.4 మిల్లీమీటర్లతో భాగిస్తే ఎఫ్ 250 వస్తుంది. మామూలు కెమెరాలో ఎఫ్ 16 దగ్గర పడే వెలుగులో ఇది రెండువందల నలభయ్యో వంతు. లోపల పెట్టే బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపరు వెలుగును పట్టడంలో ఫిల్ము కంటే చాలా మందకొడి, ఐఎస్ఓ 6 అనుకోవచ్చు. అంటే మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ టేపు తీసి నలభై సెకన్లు ఆగాలి. నీడలో నిమిషాలే.

ఆ ఆగడంలోనే ఉంది మజా. రైతుబజారు గేటు ముందు డబ్బా పెట్టి టేపు తీశాను. సంచులతో వచ్చేవాళ్లు, స్కూటర్లు, ఆటోలు, ఒక ఆవు. కడిగాక చూస్తే ఇవేవీ లేవు, రోడ్డు ఖాళీ. గేటు పక్కన కూర్చుని తోటకూర కట్టలు కడుతున్న అవ్వ మాత్రం ఉంది. తక్కెడ గీసినట్టు పడింది, పట్టా మడతలు కూడా తెలుస్తున్నాయి. ఆమె చేతులున్న చోట ఉత్త మసక. 1838లో పారిస్‌లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగెర్ తన కిటికీలోంచి వీధిని తీసినప్పుడు ఇలాగే జనమంతా మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మిగిలాడు. ఫొటోలో పడ్డ తొలి మనిషి ఆయనే అంటారు.

కడగడం గురించి చెప్పాలి. పేపరుకి ఎర్ర వెలుగు అంటదు కాబట్టి స్నానాల గదిలో ఎర్ర బల్బు వేసుకుంటే చాలు. డెవలపర్ దొరక్కపోతే ఇన్‌స్టంట్ కాఫీ పొడి, బట్టల సోడా, విటమిన్ సి కలిపి వాడొచ్చు. కాఫీతో కడిగే ఉపాయాన్ని 1995లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒక ప్రొఫెసరు, విద్యార్థులూ కనిపెట్టారు. చికోరీ కలిసిన పొడి వద్దు, స్వచ్ఛమైన కాఫీయే కావాలి. వాసన భరించడం మాత్రం కష్టం, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోండి. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో మటుకు కొనక తప్పదు.

నలభై సెకన్లు చాలవనుకునే వాళ్లు నెలల తరబడి టేపు తీసి ఉంచేస్తారు. దీన్ని సోలార్‌గ్రఫీ అంటారు. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయపు అబ్జర్వేటరీకి రెజీనా వాల్కెన్‌బర్గ్ అనే విద్యార్థిని 2012లో ఒక బీరు క్యాన్ కట్టి మర్చిపోయింది. 2020లో ఎవరో తీసి చూస్తే ఎనిమిదేళ్ల సూర్యగమనం వంపు వంపులుగా పేపరు మీద ఉంది. ఇందులో కడగడాలు లేవు. ఎండకే పేపరు రంగు తిరిగిపోతుంది, నేరుగా స్కాన్ చేసుకోవడమే.

అక్కడి బొమ్మల్ని చూసి మనవాళ్లు డబ్బాను దక్షిణానికి తిప్పి కడుతున్నారు. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికే వంగి ఉంటాడు కనుక అక్కడ అది కుదురుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారానికల్లా మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరాన నడుస్తాడు. వేసవి గీతలన్నీ డబ్బా చూపుకి అందకుండా పోతాయి. మన దగ్గర తూర్పుకో పడమరకో తిప్పాలి. అప్పుడు వంపులు రావు. దాదాపు నిటారుగా, కాస్త దక్షిణానికి ఒరిగిన గీతలు వస్తాయి. మబ్బు పట్టిన రోజు గీత తెగుతుంది.

డిసెంబర్ 21న మిద్దె పిట్టగోడకి అలాంటి డబ్బా ఒకటి కడుతుంటే, బట్టలు ఆరేయడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు ఆగారు.

"ఏంటి బాబూ అది?"

"కెమెరా అండీ."

"ఫొటో ఎప్పుడొస్తుంది?"

"జూన్‌లో."

"అయితే సంక్రాంతికి నేను ముగ్గులేస్తాగా, అవి పడతాయా?"

"పడవు పిన్నిగారూ. ఎదురింటి వాటర్ ట్యాంకు పడుతుంది."