ముందు నీళ్లు, తర్వాత సామాను

కాలువలో మనిషి గల్లంతయ్యాడని కబురొస్తే విజయవాడలో ముందు పరుగెత్తేది గజ ఈతగాళ్ల కోసం. వాళ్లు వచ్చీరాగానే దూకరు. ఒడ్డున నిలబడి కాసేపు నీళ్లనే చూస్తారు. ఎక్కడ దిగాడు, ఎంతసేపైంది, ఉధృతి ఏ గట్టును ఒరుసుకుపోతోంది, లాకులు ఎంత దూరం అని అడుగుతారు. ఆ తర్వాతే నడుముకు తాడు కట్టుకుని దిగుతారు. చాలాసార్లు ఒంటి మీద ఉండేది నిక్కరొక్కటే. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, రైవస్ కాలువైనా నీటి అడుగున చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. అందుకే వాళ్లు పాదాలతో వెతుకుతారు. గుర్రపుడెక్క వేళ్లేవో, ఇసుక ఎక్కడ జారుతోందో, తగిలింది గుడ్డో కొమ్మో అరికాలికి తెలిసిపోతుంది. పైన తాడు పట్టుకున్నవాడు దాని బిగువును బట్టే కిందివాడి పరిస్థితి కనిపెడతాడు.

స్కూబా సామాను గురించి రాయబోతూ వీళ్ల ప్రస్తావన ఎందుకంటే, సామాను కొనేవాళ్లు చివర చేసే పని వీళ్లు మొదట చేస్తారు. సెలవులకు అండమాన్ వెళ్లి సముద్రంలో మునిగి రావాలని సరదా పడేవాళ్లు మన డెల్టాలో ఉన్నారు. అంత దూరం పోలేనివాళ్లకు విశాఖ రుషికొండ ఉంది. పడవలోనే నాలుగైదు రోజులు మకాం పెట్టి, రోజుకు మూడు నాలుగు సార్లు దిగే డైవింగ్ క్రూజ్‌ల కోసం మాల్దీవుల దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామంది ముందు సూటు కొనేసి, ఏ నీళ్లలో దిగబోతున్నామన్నది తర్వాత ఆలోచిస్తారు. నీళ్లు ఎంత వెచ్చన, ఎంత లోతు, అడుగున ఏముంది, ఎంతసేపు ఉంటాం, రోజుకు ఎన్నిసార్లు దిగుతాం అన్నవి తెలిస్తే ఏం కొనాలో దానంతటదే తేలుతుంది.

వెచ్చని నీళ్లే కదా, సూటెందుకని అందరూ అడిగే ప్రశ్న. అండమాన్ సముద్రం ఇంచుమించు ఏడాదంతా 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. విజయవాడ గాలిలో 28 డిగ్రీలంటే హాయిగా తిరగగలిగిన పూట. అదే 28 డిగ్రీల నీళ్లయితే మన ఒంటి వేడిని గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి. మొదటిసారి దిగినప్పుడు ఆ సంగతి తెలియదు. రెండోసారి పైకి వచ్చాక తువ్వాలు కప్పుకోవాలనిపిస్తుంది. మూడోసారి సగంలోనే వణుకు మొదలవుతుంది. వణికేవాడు గాలి ఎక్కువ పీలుస్తాడు, సిలిండరు తొందరగా ఖాళీ అవుతుంది. పైగా ఒళ్లు చల్లబడితే చర్మానికీ కండరాలకూ రక్తం తగ్గి, లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడం ఆలస్యమవుతుంది. చలిని ఓర్చుకుని దిగొద్దని శిక్షకులు గట్టిగా చెప్పేది ఇందుకే.

వెట్‌సూట్‌ను కుట్టేది నియోప్రీన్ అనే రబ్బరుతో. దాని నిండా కంటికి ఆనని గాలి బుడగలుంటాయి. 1952లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త, మునిగేవాడి ఒళ్లు పొడిగా ఉండనక్కర్లేదని, చుట్టూ వేడిని ఆపే పొర ఉంటే చాలని గ్రహించాడు. సూటులోకి నీళ్లు వస్తాయి, రావాలి కూడా. ఆ పలచటి నీటి పొర ఒంటి వేడితో వెచ్చబడి అక్కడే ఉండిపోవాలి. సూటు వదులైతే కదిలినప్పుడల్లా ఆ నీళ్లు బయటికి పోయి చల్లనివి లోపలికి వస్తాయి. అందుకని నేను మందం కంటే కొలతకే ఎక్కువ విలువ ఇస్తాను. వదులుగా ఉన్న 5 మిల్లీమీటర్ల సూటు కంటే ఒంటికి అతుక్కున్న 3 మిల్లీమీటర్ల సూటు వెచ్చగా ఉంటుంది. వేసుకుని చూసేటప్పుడు నడుము వెనక ఒంపులో, చంకల్లో, మెడ వెనక వేళ్లతో నొక్కి చూడాలి. అక్కడ ఖాళీ ఉంటే అది మీ సూటు కాదు. చేతులు పైకెత్తి, వంగి, గొంతుక్కూర్చుని చూడాలి. మెడ దగ్గర ఊపిరాడనట్టుంటే పైసైజు అడగాలి. ఆడవాళ్లు ఆడవాళ్లకని కత్తిరించిన సూటే తీసుకోవాలి. మగవాళ్ల చిన్న సైజుతో సరిపెడితే నడుము దగ్గరా భుజాల దగ్గరా నీళ్లు ఆడతాయి.

నీళ్లు 29, 30 డిగ్రీలుండి, రోజుకు ఒకటి రెండు సార్లే దిగేవాళ్లకు లైక్రా తొడుగో, మోచేతులూ మోకాళ్ల దాకా వచ్చే 2 మిల్లీమీటర్ల పొట్టి సూటో చాలు. క్రూజ్‌లో వరసగా దిగేవాళ్లు మణికట్టు నుంచి చీలమండ దాకా మూసే 3 మిల్లీమీటర్ల సూటు తీసుకోవాలంటాను. బక్కపలచని మనుషులు, తొందరగా చలివేసేవాళ్లు 5 తీసుకున్నా తప్పులేదు. నిండు సూటు జెల్లీచేపల నుంచీ, ఎండ నుంచీ, పగడపు గీతల నుంచీ కూడా కాపాడుతుంది. పగడం గీరిన పుండు ఓ పట్టాన మానదు.

నియోప్రీన్ తేలుతుంది, వల పై అంచుకు కట్టే జీలుగ బెండులాగా. దాన్ని ముంచడానికే నడుముకు సీసపు దిమ్మలు కట్టుకుంటారు. కొత్తవాళ్ల కష్టాల్లో సగం ఈ సీసంతోనే. దిగలేకపోతున్నామని ఇంకో దిమ్మ, ఇంకో దిమ్మ అడుగుతారు. కానీ ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి మూడు రెట్లు. సూటులోని బుడగలు నలిగి, సూటు పలచబడి, తేలే గుణం బాగా తగ్గిపోతుంది. అప్పుడు అదనపు సీసం మనిషిని అడుగుకు ఈడుస్తుంది. సరైన బరువు చూసుకునే పద్ధతి తేలికే. తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపితే నీళ్లు కళ్ల ఎత్తున నిలవాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఈ పరీక్ష సిలిండరు దాదాపు ఖాళీ అయ్యాక చేయడం మంచిది, ఎందుకంటే మామూలు అల్యూమినియం సిలిండరులో నిండుగా ఉన్న గాలే రెండున్నర కిలోల బరువుంటుంది.

డెల్టావాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటుంది. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే సుమారు రెండున్నర శాతం బరువు. మనిషీ సామానూ కలిపి 90 కిలోలైతే, హంసలదీవి అవతల సముద్రంలో సరిపోయిన సీసంలో రెండు కిలోలు తీసేస్తేనే కృష్ణలో సరిపోతుంది. ఈ లెక్క తెలియకుండా సముద్రపు బెల్టుతో నదిలో దిగడం ప్రమాదం.

డబ్బు ఒక్క వస్తువుకే ఉందంటే మాస్కు కొనమంటాను. ఈత కళ్లద్దాలు దానికి బదులు రావు. వాటిలో ముక్కు బయట ఉంటుంది కాబట్టి, లోతుకు పోయేకొద్దీ అద్దాల్లోని గాలి కుదించుకుని కళ్లను బయటికి లాగుతుంది. డైవింగ్ మాస్కు ముక్కును కూడా కప్పుతుంది, ముక్కుతో కాస్త గాలి ఊదితే లోపలి ఒత్తిడి సమానమవుతుంది. షాపులో పట్టీ తలకు తగిలించకుండా, మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో చిన్నగా గాలి పీల్చాలి. చెయ్యి వదిలినా అది ముఖాన్నే అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్టు. పడిపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. మనవాళ్లకు మీసాల సమస్య ఒకటి. వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. మీసం తీయడం ఇష్టం లేకపోతే ముక్కు కింద సన్నటి గీత మేర గీసుకుంటే సిలికాన్ అంచుకు చర్మం దొరుకుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ అద్దాలు బిగించే మాస్కు అడగాలి.

మిగతావాటికి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. పడవ మీంచే దిగేవాళ్లకు పాదం మొత్తం దూరే ఫిన్స్ చాలు, రుషికొండలాగా ఒడ్డు నుంచి నడిచి దిగేచోట బూట్లతో వేసుకునేవి కావాలి. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు, జాకెట్, సిలిండరు అద్దెకు తీసుకోవడమే మేలు, ఎందుకంటే విమానంలో 15 కిలోల సామానుకు మించితే ఖర్చు. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని పేపర్లు రాస్తుంటాయి కానీ, అది మనం పీల్చే మామూలు గాలే, నొక్కి నింపింది. ఒట్టి ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. క్రూజ్‌కు వెళ్లేవాళ్లకు సొంత డైవ్ కంప్యూటర్ ఉండాలి. మూడు నాలుగు సార్లు దిగినప్పుడు ఒంట్లో నైట్రోజన్ ఎంత మిగిలిందో మనిషికి తెలియదు, దానికి తెలుస్తుంది. ఆ నైట్రోజన్ పోవాలి కాబట్టే, ఆఖరిసారి పైకి వచ్చాక 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు టికెట్ తీసేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

ఇంటికి తెచ్చాక సూటును మంచినీళ్లలో నానబెట్టి, తిరగేసి, నీడన ఆరేయాలి. మన వేసవి ఎండలో మేడ మీద ఆరేసినా, మూసిన కారు డిక్కీలో వదిలేసినా నియోప్రీన్ బిరుసెక్కి పగుళ్లిస్తుంది.

ఏ సామానూ లేకుండా మునిగే విద్య మనకు తరాలుగా ఉంది. రాజమండ్రి దగ్గర గోదావరిలో పడవవాళ్లు గడ పట్టుకుని అడుగుకు దిగి, బకెట్‌తో ఇసుక నింపి పైకి పంపే పని చేస్తూ వచ్చారు. ఊపిరి బిగపట్టి దిగడం, గడను వదలకపోవడం, ఊపిరి తీరకముందే పైకి రావడం వాళ్లకు పనితోపాటు అబ్బుతాయి. కాలువ గట్ల వెంట పిల్లలు అరటిబోదె పట్టుకుని నేర్చుకునేదీ ఈ ఊపిరి పట్టే. అందులో ఒక్క పాడు అలవాటుంది. ఎక్కువసేపు మునగాలని పందెం వేసుకుని, ముందు గబగబా పదీ ఇరవై సార్లు గాలి పీలుస్తారు. దాంతో ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఊపిరి కావాలని మెదడుకు గుర్తుచేసేది అదే. ఆ గుర్తు అందక పిల్లవాడు హెచ్చరికే లేకుండా నీళ్లలో స్పృహ తప్పుతాడు. ఈ ముక్క ప్రతి ఈత కొలనులోనూ, ప్రతి బడిలోనూ చెప్పాలి.

అయితే సామాను లేనిదే సాగని పనులూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను ఢీకొని అక్కడే ఇరుక్కున్నాయి. వాటిని నీటి లోపల కోయడానికి విశాఖపట్నం నుంచి డైవర్లు వచ్చారు. పారే నీళ్లలో, బురదలో, ఇనుము కోసే పని అది. ఆ పనికి తొడుగూ గాలీ లేకుండా దిగడం ఎవరి తరమూ కాదు. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది, శిక్షణ పొందిన జవాన్లు ఉన్నారు. అయినా కాలువలో మనిషి పోయిన మొదటి గంటలో గట్టు మీదికి చేరేది పక్క వాడలోని గజ ఈతగాడే. ఆ నీళ్లలో గాజుపెంకులుంటాయి, ఇనుప చువ్వలుంటాయి, ఊరి మురుగు ఉంటుంది. మన సరదాకు వేసుకునే 3 మిల్లీమీటర్ల సూటు అతనికి చలినుంచే కాదు, కోతల నుంచీ రక్షణ. దాంతోపాటు మందపాటి చేతిజోళ్లు, అడుగు గట్టిగా ఉన్న బూట్లు, మాస్కు, చిక్కుకున్న వలను తెంచడానికి తొడకు కట్టుకునే చిన్న కత్తి కావాలి.

సిలిండరు మాత్రం ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. నీటి కింద నొక్కిన గాలి పీల్చినవాడు ఊపిరి బిగపట్టి పైకి వస్తే, ఒత్తిడి తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి అవి చిరిగిపోవచ్చు. ఒకటి రెండు మీటర్లు చాలు. గజ ఈతగాడిని ఇన్నేళ్లూ బతికించినదే ఊపిరి బిగపట్టే అలవాటు. సిలిండరు తగిలించుకున్న మరుక్షణం ఆ అలవాటే అతనికి శత్రువు. దాన్ని మాన్పించి, ఎడతెగకుండా పీలుస్తూ వదులుతూ ఉండటం నేర్పాలంటే కొలనులో, ఓపికగా, శిక్షకుడి చేతి కింద రోజులు గడవాలి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ల దగ్గర మళ్లీ వీళ్లనే నిలబెడతారు. నేర్పడానికి అప్పటిదాకా ఆగకుండా ఈ వేసవిలోనే, కాలువలు కట్టేసి వీళ్లకు పని తగ్గిన నెలల్లో మొదలుపెట్టాలి.