ఒక పేరు – రెండు భాషలు

సాలూరు దాటి ఘాటు రోడ్డు మీద కోరాపుట్ వైపు పోయేవారికి వినిపించే పేర్లలో గదబ ఒకటి. మన కథల్లోనూ వ్యాసాల్లోనూ ఆ పేరు కనిపిస్తూనే వుంటుంది. అది ఏ భాష పేరు అన్న ప్రశ్న మాత్రం మనకు తోచదు. ఆ తప్పు చేసినవారిలో నేనూ వున్నాను.

సవరతోపాటు గదబ కూడా ముండా భాషేనని ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పాను. ఒకనాడు పక్క పల్లె నుంచి వచ్చే గదబ విద్యార్థి లేచి, "మాస్టారండీ, మా తాత మాటలు కొన్ని తెలుగులాగే వుంటాయండి" అన్నాడు.

పుస్తకాలు తిరగేశాను. గ్రియర్సన్ భాషా సర్వే నాలుగవ సంపుటం (1906) గదబను ముండాలోనే చేర్చింది. కోరాపుట్ ప్రాంతపు గుతోబ్ గదబ విషయంలో అది నిజం. అక్కడ నీటికి వాడే మాట సవర మాటకు చుట్టం. కాని 1957లో సుధీభూషణ్ భట్టాచార్య ఒల్లారి గదబ ద్రావిడ భాషేనని వివరంగా చూపారు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984 కూర్పులో సాలూరు గదబ వేరే మాండలికంగా చోటు చేసుకుంది. దానికి దగ్గర బంధువు పర్జీ. అందులో నీటికి మాట మన 'నీరు' వరసదే. నా విద్యార్థి తాత పక్షానే శాస్త్రం వుంది.

ఐరోపాలో గలీసియాలు రెండు వున్నాయి. స్పెయిన్‌లోని దానికి గల్లాయికీ అనే ప్రాచీన తెగ పేరు మూలం. పోలెండ్, ఉక్రెయిన్‌ల నడుమ వున్నదానికి హాలిచ్ అనే స్లావ్ పట్టణం మూలం. అక్కడ రెండు మూలాలు ఒకే రూపానికి వచ్చాయి. ఇక్కడ ఒకే పేరు రెండు మూలాలను కప్పేసింది.

ఇది పండితుల కాలక్షేపం కాదు. సాలూరు వైపు గదబలు ఎందరో తెలుగుకు మారిపోయారు. తాతతోపాటు ఆ భాష పోయినా కాగితం మీద 'గదబ' మిగిలే వుంటుంది. పోయిందేమిటో ఎవరికీ తెలియదు. 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించిన గిడుగు రామమూర్తి, ముందు సవరల నోట ఆ భాష నేర్చుకున్నారు. ప్రజల పక్షాన రాస్తున్నామనే మనం, ఆ ప్రజల్ని పేరు పెట్టి పిలిచే ముందు, "మీ ఇంట్లో నీటిని ఏమంటారు?" అని అడగడమైనా నేర్చుకోవాలి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.